ముహమాలై తాటితోపు

శ్రీలంకలో 1990లో యుద్ధకారణమున నిలిచిపోయి, 2014లో మరల జాఫ్నా చేరిన యాళ్‌దేవి రైలులో వన్ని అరణ్యములను దాటి, ఎలిఫెంట్ పాస్ ఉప్పునేలల నానుకొని పోయి, పళ్ళై స్టేషనులో దిగితిని. పట్టాలు క్రొత్తవి, గోడలు క్రొత్తవి. దాపున నున్న తాటిచెట్లు మాత్రము ఫిరంగిగుండ్లకు తలలు తెగి మొండెములై నిలిచియున్నవి.

అచ్చటికి సమీపముననే ముహమాలై. సైన్యమును తమిళపులులును ఏండ్లతరబడి కందకములు త్రవ్వుకొని యెదురెదురుగా నిలిచిన ఆ సన్నని భూభాగమున నిరుపక్షములవారును పాతిన మందుపాతరలు, 2009 మే నెలలో యుద్ధము ముగిసిన పిదపను, మట్టిక్రింద నట్లే యుండిపోయినవి. ఊరిలో నొక వృద్ధురాలు తేగలు చీల్చి యెండబెట్టుచుండెను. మన గోదావరిసీమలో వానిని ఉడికించియో కాల్చియో తిందుము; వీరు ఎండినవానిని పిండికొట్టి, చేపలు వేసి, కూళు అను జావ కాచుకొందురు. ఆమె మనుమడు మందుపాతరల హద్దుగా నాటిన ఎఱ్ఱకొయ్యల దడివైపు పరుగెత్తగా, ఆ ముదుసలి యెట్లు లేచినదో తెలియదు, వాని రెక్క పట్టి వెనుకకు లాగినది. "తోపు మాదే ఐయా! పండు రాలిన చప్పుడు వినబడును, పోయి యేరుకొనలేము. ఎఱ్ఱకొయ్యలు పెఱికినంతవరకే మా ఊరు" అనెను.

ఆ కొయ్యల కావల మోకాళ్లపై కూర్చుండి మూరెడు మూరెడుగా నేలను గోకి మందుపాతరలను శోధించువారిలో స్త్రీలు పెక్కుమంది. యుద్ధమున భర్తలను గోలుపోయి, ఈ కూలితోనే బిడ్డలను పోషించుకొనువారును వారిలో కలరు. వారికి భయము లేదనుట అసత్యము. ఆ భయమే వారి చేతులకు నిదానమును నేర్పినదని నాకు తోచినది. దానిని మించిన ధైర్యమును నేనెఱుగను.

తిరుగుప్రయాణమున కిళినొచ్చిలో దిగితిని. 2017 ఫిబ్రవరిలో కందస్వామి కోవెలకడ నిరసనకు కూర్చున్న తల్లులు, యుద్ధాంతమున సైన్యమునకు అప్పగింపబడి మరల కానరాని బిడ్డల ఛాయాచిత్రములను ఒడిలో నుంచుకొని యున్నారు. అపరిచితులెవరో వచ్చి తమ ఫోటోలు తీసికొనిపోవుదురని, ఇంటికి వచ్చి పేర్లడుగుదురని, స్వరము తగ్గించి చెప్పిరి. అయినను మఱునాడు వత్తురు. "వాడు లేడన్నను విందును, ఉన్నాడన్నను విందును, చెప్పువారే లేరు" అని యొక తల్లి పలికినది.

చెప్పవలసినది ప్రభుత్వము. ఆ జవాబు వినకయే ఆ తల్లిదండ్రులలో పలువురు ఇప్పటికే మరణించిరి.