మా నాన్నగారి తుపాకి



ముప్పై ఐదేళ్ళు పిల్లలకు ఛందస్సూ, సంధులూ, సమాసాలూ చెప్పినవాడు పదవీ విరమణ చేశాక ఏం చేస్తాడు? శతకమో, భారత వ్యాఖ్యానమో రాస్తాడని మా బంధువులు ఎదురుచూశారు. నేను ఆకురాయీ, రంపమూ పట్టుకుని వెనుక వసారాలో కూర్చుని తుపాకి తయారుచేశాను. "ఈ వయసులో తుపాకులేమిటండీ, చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అని మా ఆవిడ మొదటి నెల అంతా అడిగింది. రెండో నెలలో అడగడం మానేసింది. మూడో నెలలో, ఇంట్లో మిగిలిపోయిన పాత శుభలేఖలన్నీ కట్టగట్టి తెచ్చి నా ముందు పడవేసి, "మీ అట్టలకు పనికొస్తాయేమో చూసుకోండి" అంది. సమ్మతి అంటే అదే.

నేను చేసినది రెండవ ప్రపంచ యుద్ధం నాటి 40 మిల్లీమీటర్ల బోఫర్స్ విమాన విధ్వంసక శతఘ్నికి పదో వంతు నమూనా. శతఘ్ని అనడం నా వృత్తిదోషం. నూరుగురిని చంపేది అని ఆ మాటకు వ్యుత్పత్తి. లంకానగర ప్రాకారాల మీద శతఘ్నులు ఉన్నాయని వాల్మీకి చెప్పాడు. మా నాన్నగారు మాత్రం దానిని తుపాకి అనేవారు. ఇది ఆయన కథ గనుక నేనూ ఇకమీదట తుపాకి అనే అంటాను.

1942 ఏప్రిల్ 5న జపాను విమానాలు కొలంబో మీద బాంబులు వేశాయి. మరునాడు, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా, మా కాకినాడ మీదా వేశాయి. ఆనాడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. చూసినవారు మీలో ఉండే ఉంటారు. మా ఊరు కాకినాడకు కోసెడు దూరం. ఊళ్ళో సగం మంది బండ్లు కట్టుకుని మెట్ట ప్రాంతాలకు తరలిపోయారట. అప్పుడు ఇరవై ఒక్క ఏళ్ళ వయసున్న మా నాన్నగారు మాత్రం ఇంట్లో చెప్పకుండా వెళ్ళి సైన్యంలో చేరారు. బర్మా వైపు వెళ్ళారనీ, యుద్ధం ముగిశాక వచ్చి మళ్ళీ నాగలి పట్టారనీ మాకు తెలుసు. అంతకు మించి ఆయన చెప్పలేదు. చెవులు సరిగా వినబడేవి కావు. ఇంట్లో అందరం ఆయనతో కేకలు వేస్తూ మాట్లాడేవాళ్ళం. కేకలు వేసి అడగవలసినంత ముఖ్యమైన ప్రశ్నలు పిల్లలకు ఎన్ని ఉంటాయి? అడగకుండానే ఊరుకున్నాం.

1987 ఏప్రిల్‌లో బోఫర్స్ పేరు దేశమంతటా మారుమోగింది. 155 మిల్లీమీటర్ల ఫిరంగుల ఒప్పందంలో ముడుపులు చేతులు మారాయని స్వీడన్ రేడియో చెప్పింది. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. పంతులుద్యోగం కొత్త, ఆవేశం పాతది. ఒక ఆదివారం మా ఇంటి అరుగు మీద నలుగురు మిత్రులం చేరి పత్రిక చదువుతూ ఆ పేరును తిట్టిపోస్తున్నాం. మూలన మంచం మీద కూర్చుని తమలపాకులు తుడుచుకుంటున్న నాన్నగారికి మా మాటల్లో ఆ ఒక్క పేరు వినబడినట్టుంది. తలెత్తి అన్నారు: "అది మంచి తుపాకిరా. ఎన్నడూ మొరాయించలేదు."

మిత్రులు నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది. "దేశం సొమ్ము పోయిందని మేం ఏడుస్తుంటే మీరు తుపాకిని మెచ్చుకుంటారా నాన్నా? తెలియని విషయాల్లో మాట్లాడకండి" అని నలుగురి ఎదుటా అరిచాను. అది మాత్రం ఆయనకు స్పష్టంగా వినబడింది. ఆకులు పక్కన పెట్టి లేచి దొడ్లోకి వెళ్ళిపోయారు. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. 1993లో పోయారు.

ఆయన పోయాక పెట్టెలో సైన్యపు విడుదల పత్రం దొరికింది. తేలికపాటి విమాన విధ్వంసక దళం అని దానిమీద ఉంది. "తుపాకిలో గుళ్ళు అందించేవారట" అని అమ్మ చెప్పింది. ఆ తుపాకి ఏదో చాలా ఏళ్ళ తరువాత గానీ తెలుసుకోలేదు. 1930ల్లో స్వీడన్‌లో రూపొందిన 40 మిల్లీమీటర్ల బోఫర్స్. బ్రిటిషువారు, అమెరికావారు, జర్మనులు అందరూ వాడినది. 1942 ఫిబ్రవరిలో సింగపూరు పడిపోయినప్పుడు అక్కడ చిక్కిన వాటిని చూసి జపానువారు సైతం నకలు చేసుకున్నారు. 1987లో మేం తిట్టిన ఫిరంగికీ దానికీ పేరు తప్ప పోలిక లేదు.

సైంధవం తెమ్మంటే భోజన సమయంలో ఉప్పు తేవాలి, ప్రయాణ సమయంలో గుర్రం తేవాలి. సందర్భాన్ని బట్టి అర్థం నిర్ణయించాలని ఏటా పిల్లలకు చెప్పేవాడిని. మా నాన్నగారు ఉప్పు అంటే నేను గుర్రం అనుకుని అరిచాను.

అందుకే ఈ తుపాకి చేయాలనుకున్నాను. అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఆనాటి సైనిక శిక్షణ పుస్తకం బొమ్మలు సంపాదించి పంపింది. గొట్టానికి ఇత్తడి నాళం ఒక కంచరి దగ్గర కొన్నాను. నాలుగు చక్రాలూ ఏటికొప్పాక బొమ్మల పనివాడి చేత అంకుడు కర్రతో తరిణె పట్టించాను. తుపాకి కాల్చేటప్పుడు రెండు పక్కలకూ విప్పి నేలకు ఆనించే కాళ్ళు ఉంటాయి. వాటికి విరిగిన గొడుగు ఊచలు సరిపోయాయి. గొట్టం చివర సన్నాయి మూతిలా విచ్చుకునే భాగానికి నాలుగు సార్లు రేకు పాడుచేశాను.

గొట్టం పొడవు దగ్గర పప్పులో కాలేశాను. ఈ తుపాకిని ఎల్-60 అంటారు. గొట్టం లోపలి వ్యాసానికి అరవై రెట్లు పొడవు అని దాని భావం. నలభై అరవైలు 2400 మిల్లీమీటర్లు. పదో వంతు 24 సెంటీమీటర్లు. లెక్క సులువుగా తేలిపోయిందని మురిసిపోయి నాళం కోసేశాను. బిగించి చూస్తే మూతి బరువుకు గొట్టం ముందుకు వాలిపోతోంది. అసలు తుపాకిలో గొట్టాన్ని మోసే ఇరుసు బాగా వెనుక ఉంటుంది. నిట్టనిలువుగా ఎత్తి కాల్చినప్పుడు గొట్టం వెనక్కి తన్నుకోవడానికి చోటు కావాలి గనుక. అలా ముందు వైపు పెరిగిన బరువును ఆపడానికి స్ప్రింగులు పెడతారు. నేను బాల్ పెన్నుల స్ప్రింగులు పెట్టాను. నిలవలేదు. రెండు వారాలు స్ప్రింగులనే తిట్టుకున్నాను. చివరికి బొమ్మ పక్కన కొలబద్ద పెట్టి చూస్తే, గొట్టం పొడవు 2250 మిల్లీమీటర్లే. అంటే యాభై ఆరుంబావు రెట్లు. అరవై అన్నది వాడుకలో నిలిచిన పేరు మాత్రమే. యోగార్థానికీ రూఢ్యర్థానికీ తేడా జీవితమంతా బోధించినవాడు రూఢి పదాన్ని పట్టుకుని యోగార్థంతో ఇత్తడి కోశాడు! ఒకటిన్నర సెంటీమీటరు కోసి పారేస్తే, అవే స్ప్రింగుల మీద గొట్టం వాలకుండా నిలబడింది.

ఇక మిగిలింది వెనుక వేదిక. తుపాకికి ఇరువైపులా ఇద్దరు కూర్చుని చక్రాలు తిప్పుతారు. ఒకరు అడ్డంగా తిప్పడానికి, ఒకరు పైకీ కిందికీ ఎత్తడానికి. గుళ్ళు నింపేవాడు వెనుక వేదిక మీద నిలబడతాడు. తుపాకి ఎటు తిరిగితే వేదికా, దానితో వాడూ అటే తిరుగుతారు. తూటాలు నాలుగేసి ఒక క్లిప్పుగా ఉంటాయి. ఒక్కొక్క తూటా రెండు కిలోల పైమాటే. క్లిప్పు ఎనిమిది కిలోలు దాటుతుంది. తుపాకి వేగం నిమిషానికి 120. ఆ అంకె దగ్గర ఆగి వేళ్ళమీద లెక్కకట్టాను. నాలుగు తూటాలు రెండు సెకన్లలో అయిపోతాయి. అంటే కాల్పులు సాగినంతసేపూ రెండు సెకన్లకొకసారి ఎనిమిది కిలోలు పైనుంచి దించుతూ ఉండాలి. విమానం ఎక్కడుందో చూసే తీరిక వాడికి ఉండదు. చెవుల పక్కనే ఆ మోత.

వెదురు పుల్లలు చెక్కి పదహారు తూటాలు చేశాను. వాటిని నాలుగేసి చొప్పున అట్టముక్కకు అతికిస్తుండగా మా పాత ఇంటి పెంకులు గుర్తుకువచ్చాయి. ప్రతి వేసవిలో ఇల్లు నేయించేటప్పుడు నేను నిచ్చెన మీద, నాన్నగారు కింద. నాలుగేసి పెంకులు రెండు చేతులా పట్టి పైకి అందించేవారు. అవి నేను సర్దుకునేలోపే మరో నాలుగు వచ్చి నా మోకాలికి తగిలేవి. "బరువు నాన్నా, రెండేసి ఇవ్వండి" అని అరిచేవాడిని. "నాలుగైతేనే చేతికి అమరుతాయిరా" అనేవారు. నేను ఎందుకు తొందరని విసుక్కునేవాడిని. ఆయన ముఖం పైకెత్తి నా వంక చూసిన గుర్తు లేదు. చూపంతా పెంకుల మీదే. తమలపాకులూ నాలుగేసి తుడిచి దొంతర పెట్టుకునేవారు. చాదస్తమనుకున్నాం.

ఆ సాయంత్రం ఇంక పని సాగలేదు. మా ఆవిడ కాఫీ తెచ్చి, "ఏమైంది, విరిగిందా?" అని అడిగింది. లేదన్నాను.

పెంకులూ ఆకులూ అన్నీ ఆ తుపాకి నేర్పిన అలవాట్లే అని నేను రుజువు చేయలేను. అడగవలసిన మనిషి లేరు. ఆరేళ్ళు ఆయన ఎదుటే తిరిగాను, 1987 నుంచి 1993 వరకు. "ఏ తుపాకి నాన్నా?" అని చెవి దగ్గర నోరు పెట్టి ఒక్కసారి అడిగి ఉంటే చాలు. మూడు మాటలు.

ఇప్పుడు నమూనా పూర్తయింది. గడియారం పళ్ళచక్రం తిప్పితే గొట్టం నిలువునా లేస్తుంది, చెయ్యి తీసినా వాలదు. వేదిక మీద మనిషి బొమ్మ పెట్టలేదు. ఆ చోటు ఖాళీగానే ఉంచాను. మొన్న ఆయన ఆబ్దికం నాడు ఇంటికి వచ్చిన బంధువులు చూసి, ఇదేమిటని అడిగారు. బోఫర్స్ అన్నాను. ఒకాయన వెంటనే ముడుపుల సంగతి ఎత్తాడు.

"ఇది వేరేదండీ. మంచి తుపాకి. ఎన్నడూ మొరాయించలేదు" అన్నాను.

కోసేసిన ఆ ఒకటిన్నర సెంటీమీటరు ఇత్తడి ముక్క నా రాతబల్ల మీద, ఎర్ర పెన్ను పక్కన ఉంది. పారవేయబుద్ధి కాలేదు.