తెనాలి పెరట్లో కృష్ణుడి పీతాంబరం

తెనాలి అనగానే సినిమా ప్రియులకు తారలే గుర్తుకొస్తారు. ఊర్వశి శారద పుట్టిన ఊరు! కృష్ణగారి బుర్రిపాలెం పక్కనే. ‘మాయాబజార్’ నిర్మాతల్లో ఒకరైన చక్రపాణిగారిదీ ఈ ఊరే. 1957 నాటి ఆ నలుపు తెలుపు చిత్రం రంగులు పూసుకుని మళ్ళీ విడుదలైంది 2010లో. అంటే 53 ఏళ్ళపాటు అందులో కృష్ణుడి పంచె ఏ రంగో ప్రేక్షకుల ఊహకే వదిలేశారన్నమాట. స్టేజీ నాటకానికి ఆ వెసులుబాటెక్కడిది? అక్కడ పీతాంబరం పసుపుపచ్చగా కనబడి తీరాలి.

ఆ పసుపు ఎలా వస్తుందో చూద్దామనే కాలవ గట్టు వెంట నడిచి, నాటకాల డ్రస్సులు అద్దెకిచ్చే ఓ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ముందుగదిలో కిరీటాలు, గదలు, భుజకీర్తులు. అసలు తమాషా అంతా పెరట్లో ఉంది.

పొయ్యి మీద గుండిగలో నీళ్ళు కాగుతున్నాయి. రంగుపొడిని వేణ్ణీళ్ళతో ముద్దచేసి, గుడ్డలో వడగట్టి పోశారాయన. వడగట్టకపోతే బట్టమీద చుక్కలు పడతాయట. పంచెను ముందే తడిపి దించారు. పొడిబట్ట వేస్తే మచ్చలు మచ్చలుగా పడుతుంది. కాసేపాగి గుప్పెడు కల్లుప్పు.

“ఉప్పెందుకు మాస్టారూ?”

“రంగు నీళ్ళల్లో ఉండిపోకుండా నూలుకి పట్టాలిగా అబ్బాయ్!”

కుట్టు కూడా నూలుదారంతోనే. పాలియెస్టర్ దారానికి ఈ రంగు ఎక్కదు, పంచె పచ్చగా మారినా కుట్లు తెల్లగా పళ్ళికిలిస్తాయి!

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం వెలిసిన బట్టల కథ. కృష్ణుడి పసుపు వెలిస్తే దాన్నే ఎర్రరంగులో ముంచుతారు, కర్ణుడికి పనికొస్తుంది. అదీ వెలిస్తే ముదురు మెరూన్. చివరికి నలుపు, యమభటులకి. లేత మీద ముదురు ఎక్కుతుంది గాని ముదురు మీద లేత ఎక్కదు గదా! మనకి ప్రమోషన్లుంటే పాపం వాటికి అన్నీ డిమోషన్లే. అయినా అద్దెకిచ్చేవాడికి ఒక్క పంచె నాలుగు జన్మలెత్తినట్టు. సిటీ నుంచి వచ్చే తళుకుల పాలియెస్టర్ డ్రస్సుకు ఆ భాగ్యం లేదు, ఈ రంగు దానికి అంటదు. పైగా ఆ తళుకుల మధ్య పద్యం పాడేవాడి మొహం ఎవరు చూస్తారు? నా మటుకు నాకు నూలే ముద్దు.

ఆ రాత్రే పక్కఊళ్ళో నాటకం. ఆరిన ఉత్తరీయాన్ని బల్లమీద బిగించి, పాత ఎక్స్‌రే ఫిల్ముతో కత్తిరించిన అచ్చుపెట్టి, అంచున బంగారురంగు మామిడిపిందెలు అద్దారు. పైన మబ్బు పట్టింది. వానొస్తే ఇంతే సంగతులు. ఆయనకేం తొందర లేదు. దండెం మీద ఆరేసి, పక్కన బల్బు వెలిగించి, “సందు చివరిదాకా పోయి చూడు” అన్నారు.

వెళ్ళి చూశాను. పిందెలన్నీ కలిసిపోయి ఒకటే పసుపు గీత!

ఆ మాటే చెప్పాను. మారుమాట్లాడకుండా ముదురు గోధుమరంగు తీసి ఒక్కో పిందె చుట్టూ సన్నని గీత గీసుకుంటూ వచ్చారు. దగ్గర్నుంచి చూస్తే మోటుగా, పిల్లలు గీసినట్టుంది. మళ్ళీ సందు చివరికి నడిచాను. ఈసారి పిందెలు దేనికది విడిగా, జరీతో నేసినట్టే మెరుస్తున్నాయి.

వీధిలో డ్రస్సుల పెట్టెలకోసం వచ్చిన వ్యాను హారన్ కొడుతోంది. ఆయన మాత్రం తాటాకు విసనకర్రతో ఉత్తరీయానికి విసురుతున్నారు.