రేకు కూడా అలాగే పలుకుతుంది

బొబ్బిలి అనగానే బయటివాళ్లకి యుద్ధం గుర్తొస్తుంది, సంగీతం తెలిసినవాళ్లకి వీణ. ఊళ్లో మాత్రం ఇంకో మాట కూడా తిరుగుతుంటుంది: పాత కోట కాలిన నేలలో బంగారం ఉండిపోయిందని. 1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి ఫిరంగులూ విజయనగరం విజయరామరాజు సేనా ఒక పక్క, రంగారావు కోట ఒక పక్క. కోట ఇక నిలవదని తేలాక లోపలి ఆడవాళ్లనీ పిల్లల్నీ సొంతవాళ్లే చంపుకుని, ఇళ్లకి నిప్పు పెట్టి కడసారి పోరాడారు. మరి వాళ్ల ఒంటిమీద నగలేమయ్యాయి? అరుగుల మీద చిన్నప్పట్నుంచీ నేను విన్న ప్రశ్న ఇది. మనుషులేమయ్యారో కథలోనే ఉంది కాబట్టి ఆ సంగతి ఎవరూ అడగరు.

మా బావ ఆన్‌లైన్‌లో మెటల్ డిటెక్టర్ తెప్పించింది ఆ ప్రశ్న పట్టుకునే. ముందు మా పెరట్లో పరీక్షిద్దామన్నాను. నాలుగేళ్ల కిందట అమ్మ ఎడమ చెవి దుద్దు అక్కడెక్కడో పడిపోయింది. నాన్న రిటైరైన నెలలో కొన్న జత అది. నాన్న పోయి రెండేళ్లు. రెండో దుద్దు బీరువాలో దూది మధ్య ఒంటరిగా ఉంది.

డిటెక్టర్‌కి బంగారమంటే ఏంటో తెలీదు. కింద ఉన్న చుట్ట నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. అది సెకనుకి వేలసార్లు దిశ మారుతూ ఉంటుంది. దారిలో లోహం తగిలితే అందులో చిన్న సుడుల్లా కరెంటు పుడుతుంది, ఆ కరెంటు తిరిగి తన క్షేత్రాన్ని పంపుతుంది. ఆ జవాబు ఎంత ఆలస్యంగా, ఎంత బలంగా వచ్చిందో కొలిచి తెర మీద ఒక అంకె చూపిస్తుంది, అంతే. విద్యుత్తుని బాగా పోనిచ్చే లోహాల్లో వెండి, రాగి తర్వాతి స్థానం బంగారానిదే. అందుకని అంకె పెద్దగా వస్తుందనుకుంటాం. కానీ వస్తువు సైజు, మందం, ఆకారం, అందులో కలిపిన లోహం అన్నీ ఆ అంకెని మార్చేస్తాయి. సన్నటి గొలుసైతే ఒక్కోసారి అసలు పలకనే పలకదు. యంత్రానికి ఒక్కో లింకూ విడివిడి చిన్న ముక్కలాగే కనిపిస్తుంది.

బీరువాలో దుద్దు తెచ్చి చుట్ట ముందు ఊపాం. 38. మేకు పదిలోపు, రాగి తీగ ఎనభై పైన. బావ ఉత్సాహంగా సిగరెట్ పెట్టెలోని రేకు ముక్క ఊపాడు. 38, ఇంకోసారి 40. చెత్త పలకకుండా చేసే మీట ఒకటుంది. రేకుని నొక్కేసి చూశాం. దుద్దు కూడా మూగబోయింది. రేకు వద్దంటే చిన్న బంగారమూ వద్దన్నట్టే. ఇంకేం చేస్తాం, 38 పలికిన ప్రతిచోటా తవ్వాం.

మొదటి గోతిలో మాత్రల స్ట్రిప్పు. రెండోదాంట్లోనూ అదే. సాయంత్రానికి చిన్న గిన్నెడు అయ్యాయి. నాన్న మంచం వేసిన గది కిటికీ అటువైపే ఉంటుంది. అమ్మ ఒక్కోటీ మట్టి దులిపి చూసింది. "ఇది రాత్రిపూటది. ఇది సుగరుది. తినీసి కిటికీలోంచి ఇసిరీసీవోరు. ఎన్నిసార్లు సెప్పినా ఇనీవోరు కాదు." తిడుతున్నట్టే ఉంది గొంతు. బావ మాత్రం "అత్తా, బంగారం లైన్లోనే పలుకుతోంది సూడు" అంటూ ఇంకో చోట గునపం వేశాడు.

వచ్చే ఆదివారం కోటవైపు పోదామన్నాడు. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉందని, పది రూపాయలు దాటిన విలువున్న నిధి నేలలో దొరికితే కలెక్టరుకి రాసివ్వాలని చెప్పాను. అతన్ని ఆపింది అది కాదు. ప్రభుత్వం తవ్విన చోట్ల ఏం దొరికిందో చెప్పాను. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ దౌండియా ఖేడాలో, ఒక సాధువు కలలో వెయ్యి టన్నుల బంగారం కనిపించాక పురావస్తు శాఖ తవ్వింది. భూగర్భ సర్వే పరికరాలు కింద ఇనుముకాని లోహం ఉండొచ్చని సూచించాయి కూడా. దొరికినవి కుండపెంకులు, గాజుముక్కలు, మేకులు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అధికారికంగానే నిధి కోసం తవ్వితే ఎముకలు, ఇటుకలు బయటపడ్డాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాను. సీసపు గుండు కూడా బంగారు ఉంగరాల వరుసలోనే పలుకుతుంది. అసలు ఈ యంత్రం తొలి రూపాల్లో ఒకటి వెతికింది గుండునే. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన గుండు జాడ తెలుసుకోడానికి గ్రాహంబెల్ ఇలాంటి పరికరమే పట్టుకెళ్లాడు. దొరకలేదు. పరుపులోని స్ప్రింగులు కూడా పలికాయంటారు. తుపాకులు పేలిన కోట నేలలో బావ మీటరు మంచి అంకె చూపించిందంటే, అది ఎవరి మెడలోదో నగ కావచ్చు, ఎవరి ఒంట్లోదో గుండు కావచ్చు. తవ్వేదాకా తెలీదు. బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ ఆదివారం మాట ఎత్తలేదు.

పెరడు ఇంకా సగం మిగిలే ఉంది. బాదం చెట్టు మొదట్లో రెండు చోట్ల 38 పలికింది. ఒకటి దుద్దే కావచ్చని అమ్మకి చెప్పాను.

"ఇంక తవ్వకండి" అంది. "ఉండనీయండి, అక్కడ బంతి నారు ఏస్తాను."