కాళంగిలో కప్పా

సంక్రాంతికి సూళ్లూరుపేట వెళ్లి వచ్చాను. మా ఊరు 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, మా వాళ్లెవరిని కదిలించినా ఇప్పటికీ నెల్లూరు జిల్లా అనే అంటారు. పండుగ ముచ్చట్లు అందరి ఇళ్లలోనూ ఒకటే కనుక వాటి జోలికి పోను. కనుమనాటి రాత్రి మా తమ్ముడి కొడుకుతో జరిగిన చిన్న సంభాషణ ఒకటి వారం రోజులుగా నన్ను వదలటం లేదు. దాన్ని ఇక్కడ దించుకుంటే కాస్త తెరిపిగా ఉంటుందని ఈ టపా.

వాడు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. భోజనాలయ్యాక కంప్యూటరు ముందు కూర్చుని ఏదో ఆట ఆడుతున్నాడు. తెర మీద వాన కురుస్తున్న మహానగరం, మనిషన్నవాడు లేని వీధులు. ఒకచోట ఆగి, కీరదోసకాయ తీసి నైవేద్యంలా పెట్టి, పక్కకు వెళ్లి నక్కాడు.

"ఏందిరా అది?"

"కప్పా కోసం పెదనాన్నా. దోసకాయ పెడితే వస్తుంది. తినేటప్పుడు వెనక నుంచి పట్టుకోవాలి."

"కప్పకి దోసకాయేమిటిరా?"

వాడు నవ్వాడు. అది మన కప్ప కాదట, జపాన్ వాళ్ల నీటి భూతమట. పేరుకు అర్థం ఏటి పిల్లవాడు. ఒంటి మీద తాబేలు చిప్ప, నెత్తిన పళ్లెం లాంటి గుంట, అందులో నీళ్లు. ఆ నీళ్లు ఒలికితే దాని బలం పోతుంది. అయితే అది మహా మర్యాదస్తురాలు. మనం వంగి నమస్కారం చేస్తే తానూ వంగుతుంది, నీళ్లు ఒలికిపోతాయి. లేదంటే మాత్రం పిల్లల్ని నీళ్లలోకి లాగేస్తుంది. ఇదంతా వాడు పరీక్షలో జవాబు అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశాడు.

ఆ ఆట పేరు ఘోస్ట్‌వైర్ టోక్యో, 2022లో వచ్చింది. షిబుయా అనే పేటలో జనమంతా ఒక్కసారిగా మాయమైపోతారు, భూతాలు మిగులుతాయి. వాడు నిద్రపోయాక నేను కూర్చుని ఈ భూతాల వంశవృక్షం కొంత వెతికాను. వీటన్నిటినీ కలిపి యోకాయ్ అంటారు. తొరియామ సెకియెన్ అనే చిత్రకారుడు 1776లోనే వీటికి బొమ్మల పుస్తకం వేశాడు. అప్పటిదాకా నోటి మాటల్లో తిరిగిన భూతానికి ఒక ముఖం, ఒక రూపు స్థిరపడ్డాయి. 1988 నాటి సూపర్ మారియో మూడో ఆటలో మారియో తొడుక్కునే తోక చొక్కా కూడా తనుకి అనే మాయలమారి జంతువు కథలోంచి వచ్చిందే. 1996లో మొదలైన పోకెమాన్‌లో తొమ్మిది తోకల నక్క ఉంది. 2001లో వచ్చిన ఫేటల్ ఫ్రేమ్‌లో దెయ్యాన్ని ఎదుర్కొనే ఆయుధం కెమెరా. 2006 నాటి ఒకామిలో సూర్యదేవత అమతెరాసు తోడేలు రూపంలో తిరుగుతుంది. 2013లో యోకాయ్ వాచ్ వచ్చేసరికి భూతాలు పిల్లలకు స్నేహితులైపోయాయి.

వీటన్నిటికంటే నన్ను ఆపేసింది మిజుకి షిగెరు కథ. 1922లో పుట్టి 2015 దాకా బతికిన కార్టూన్ కథకుడాయన. రెండో ప్రపంచ యుద్ధంలో ఎడమ చెయ్యి పోయింది. మిగిలిన చేత్తోనే జీవితమంతా యోకాయ్‌ల బొమ్మలు గీశాడు. ఆయన సృష్టించిన కితారో అనే భూతాల పిల్లవాడు 1968లో టీవీకి, 1986లో వీడియో గేమ్‌కి ఎక్కాడు. ఆయనకు ఈ భూతాలను పరిచయం చేసింది చిన్ననాడు ఇంటికి వచ్చిపోయే ఒక ముసలమ్మ. నొన్నొన్‌బా అని పిలిచేవాడు. ఆమె పేరుతో ఒక బొమ్మల పుస్తకమే రాశాడు. ఆయన పెరిగిన సకైమినాతో ఊళ్లో ఇప్పుడు ఒక వీధి పొడుగునా కంచు యోకాయ్‌లు నిలబడి ఉన్నాయి.

ముసలమ్మ నోట్లోంచి వీధిలోకి, వీధిలోంచి మా ఇంటి తెర మీదికి. ఎంత దూరం నడిచాయి!

మాకూ ఒక ముసలమ్మ ఉండేది. మా అవ్వ.

కాళంగి నది మా ఊరి పక్కనుంచి పోయి పులికాట్ సరస్సులో కలుస్తుంది. ఆ సరస్సుని పెద్దవాళ్లు ప్రళయకావేరి అంటారు. స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చదివినవారికి ఆ నేలా ఆ పలుకూ పరిచితమే. ఏట్లో ఒక మడుగు ఉండేది. అందులో జడలమ్మ ఉంటుందని అవ్వ చెప్పేది. ఆమె జడలు నీళ్ల కింద బారలు బారలుగా పరుచుకుని ఉంటాయట. కాలు పెడితే చుట్టుకుంటాయట. ఊళ్లో మరెవరి నోటా ఈ పేరు నేను వినలేదు. అవ్వ కల్పించిందో, ఆమెకు వాళ్ల అవ్వ చెప్పిందో!

నలభై ఏళ్ల కిందటి మాట. అప్పుడు నాకు పదహారు, తమ్ముడికి తొమ్మిది. హేతువాద పుస్తకాలు రెండు మూడు చదివి ప్రపంచాన్ని సరిదిద్దే పని నెత్తికెత్తుకున్న వయసు. ఒక రాత్రి అవ్వ జడలమ్మ కథ ఎత్తుకుంటే, అందరి ముందూ, "అవి జడలు కావు, నాచు. అక్కడ ఏమీ లేదు" అన్నాను. అవ్వ నా వంక చూసి కథ ఆపేసింది.

ఆ కార్తీకంలో వానలకు ఏరు నిండింది. తమ్ముడు మడుగులో దిగాడు. వలలు ఆరబెట్టుకుంటున్న మనిషి చూసి దూకబట్టి మాకు దక్కాడు. ఇంటికి మోసుకొచ్చినప్పుడు వాడి చీలమండకు ఇంకా నాచు చుట్టుకునే ఉంది. అవ్వ ఒక్క మాట అనలేదు. దాన్ని తీసి పారేసి, వాడికి తల తుడిచింది. తర్వాత బతికిన ఆరేళ్లలో ఆమె ఇంట్లో ఎవరికీ దెయ్యం కథ చెప్పలేదు.

నేను చెప్పింది నిజమే. అది నాచే. కానీ నాచు అయినా కాలికి చుట్టుకుంటుందన్న సంగతి అవ్వ కథలో ఉంది, నా నిజంలో లేదు. జపాన్‌లో చెరువుల దగ్గర పిల్లల్ని హెచ్చరించే బోర్డుల మీద కప్పా బొమ్మ వేస్తారని చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున ఇదంతా పిల్లవాడికి చెప్పాను. తమ్ముడు గడపలో నిలబడి విన్నాడు. ఇన్నేళ్లలో మేమిద్దరం ఆ రోజు గురించి మాట్లాడుకున్నది లేదు.

"దెయ్యం లేదని నువ్వన్నావని దిగలేదన్నా నేను" అన్నాడు మెల్లగా. "ఉందేమో చూద్దామనే దిగా. నువ్వు లేదంటే అవ్వ మొహం చిన్నబోయింది కదా. చూసొచ్చి ఉందని చెబుదామనుకున్నా."

నేనేం మాట్లాడగలను? నలభై ఏళ్లుగా నేను మోస్తున్న బరువు దిగిందో, మరో భుజానికి మారిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మనకు భూతాల కొరత లేదు. చందమామలో శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడిచే విక్రమార్కుణ్ణీ, 1978 నాటి విఠలాచార్య 'జగన్మోహిని'లో కాళ్లు పొయ్యిలో పెట్టి వంట చేసే దెయ్యాన్నీ మరిచిపోయినవారెవరు? బొమ్మ ఉన్నవి బతికాయి. జడలమ్మకు బొమ్మ లేదు. ఉన్న ఒక్క నోటినీ నేనే మూయించాను.

రాకెట్ ఎగిరే ముందు శ్రీహరికోట శాస్త్రవేత్తలు మా చెంగాళమ్మ గుడికి వచ్చి దండం పెట్టుకుని వెళతారు. 2023లో చంద్రయాన్-3కి ముందూ వచ్చారు. ఒకప్పుడు దానికీ వెటకారం చేసేవాణ్ణి. నమ్మకాల విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. వెటకారం మాత్రం మానుకున్నాను.

అంతా విని పిల్లవాడు ఒకే ఒక ప్రశ్న వేశాడు.

"మరి జడలమ్మకి ఏం పెట్టాలి పెదనాన్నా?"

కప్పాకి దోసకాయ. జడలమ్మకి? తమ్ముడూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం. అవ్వని మేమెప్పుడూ అడగలేదు.

మీ ఊరి చెరువులోనో, బావిలోనో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వారి పేరేమిటో, ఏం తింటారో చెప్పగలిగే పెద్దవాళ్లు ఇంట్లో ఇంకా ఉంటే, ఈ రాత్రికే అడిగి రాసి పెట్టుకోండి.