కడపటి మనుష్యుడు

2020వ సంవత్సరమున మహామారివలన మా పాఠశాల మూయబడియుండగా, మేరీ షెల్లీ 1826లో వెలువరించిన ‘ది లాస్ట్ మాన్’ అను ఆంగ్లనవలను మిక్కిలి యాశతో చేపట్టితిమి. 21వ శతాబ్ది తుదను తెవులు జనులనెల్ల హరింపగా నొక్కడే మిగులునట! కల్పన యెంత గంభీరము! కాని మూడు సంపుటములలో మొదటిది ప్రణయములకును రాజకీయములకునే చెల్లిపోయినది. తెవులు వచ్చిన పిమ్మటను మనుష్యులు చచ్చుటకన్న నుపన్యసించుటయే మెండు. (మేమును ఉపన్యాసకులమే గాన సులభముగా గుర్తుపట్టితిమి.) 1822లో భర్తను సముద్రమునకు గోలుపోయిన యామె దుఃఖము కృత్రిమమని యనజాలము, అలంకారముల క్రింద నది యూపిరాడక యున్నది. రోమునగరపు పొలములలో, కాపరి చచ్చినను గొఱ్ఱెలను విడువక కాచుచున్న కుక్క యొకటి యీ కడపటి మనుష్యుని జూచి సంతోషముతో నెగిరిపడును. ఆ పుటయొద్ద మాత్రము పుస్తకము మూసి, వట్టిబల్లలున్న మా తరగతిగదిని దలచుకొంటిమి.