ఎడమవైపు రెక్క

గణితమున ప్రతి ప్రశ్నకును సమాధానము ఒక్కటియే యుండునని లోకుల నమ్మిక. ఆ నమ్మికకు ఈ యేడు మా తరగతిలో ఒక పరీక్ష వచ్చినది. అందువలన మేము నేర్చినదానిని సోదర విద్యార్థులకు తెలుపగోరి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఘాతాంకము 1/3 అనగా ఘనమూలమని మన మందరము చదివినదే. మేము గ్రాఫు కాగితముపై 8కి 2, 1కి 1, సున్నకు సున్న, −1కి −1, −8కి −2 అని చుక్కలు పెట్టి కలిపితిమి. కుడివైపున పైకిని, ఎడమవైపున క్రిందికిని సాగు చక్కని వక్రరేఖ యేర్పడెను. అదే రేఖను కంప్యూటరుచేత గీయింపగా, మేము వాడిన ప్రోగ్రాము కుడిసగమును మాత్రము గీసి ఎడమసగమును ఖాళీగా విడిచినది.

వెంటనే తరగతి రెండు పక్షము లాయెను. యంత్రము తప్పు చేయదు, ఎడమసగమును చెరిపివేయుద మని కొందరు రబ్బరు చేతబట్టిరి. −2ను మూడుమార్లు వేసి గుణించిన −8 వచ్చుచుండగా, మన చేతితో సరిచూచుకొన్న లెక్కను తెరకు వెరచి యేల విడువవలెనని తక్కినవారు పట్టుబట్టిరి. ఇది మార్కుల తగవు కాదు. మున్ముందు దేనిని నమ్మి చదువవలె ననునదే తగవు. లెక్కల మేష్టరుగారు తీర్పు చెప్పక, −8 యొక్క ఘనమూలమేదో యంత్రమునే యడుగు డనిరి. అడుగగా అది 1 + 1.732 ఐ అని చెప్పెను.

ఐ అనగా వర్గము −1 అగు సంఖ్య. 1.732 అనునది 3 యొక్క వర్గమూలమునకు దగ్గరి విలువ. మేము 1 + ఐ√3ను దానితోనే గుణింపగా −2 + 2ఐ√3 వచ్చెను. మరల గుణింపగా ఖచ్చితముగా −8 వచ్చెను. యంత్రము చెప్పినదియు నిజమే! −8కి −2, 1 + ఐ√3, 1 − ఐ√3 అని మూడు ఘనమూలములు కలవు.

ఇట్టి సంఖ్యలను అంగీకరించుటకు లోకమునకు చాల కాలము పట్టినది. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున, ఋణరాశి స్వభావముచేతనే వర్గము కాదు గనుక దానికి వర్గమూలము లేదని చెప్పెను. 11వ శతాబ్దమున పావులూరి మల్లన ఆ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఇటలీదేశమున 1572లో బొంబెల్లి ఈ సంఖ్యలతో లెక్కచేయు నియమములను ప్రకటించెను. 1797లో భూములు కొలుచు వృత్తిలోనున్న వెస్సెల్ అనునాతడు, సంకీర్ణసంఖ్యను పొడవును దిక్కును గల గీతగా చూపవచ్చునని డెన్మార్కు విద్వత్పరిషత్తునకు విన్నవించెను. ఆ గీతయే మా తగవును తీర్చినది.

1 + ఐ√3 యొక్క పొడవు 2, దిక్కు 60 డిగ్రీలు. −2 యొక్క పొడవును 2యే, దిక్కు 180. మూడవదాని దిక్కు 300. ఇట్టి విలువలను చూపుటకు కాగితము చాలదు. కాగితమునకు లంబముగా మరియొక దిక్కు కావలెను. కావున మేము సైకిలు చక్రపు పుల్లను అక్షముగా నుంచి, రేఖ యాకారముగా కత్తిరించిన అట్టరెక్కలను దానికి అతికించితిమి. ఎడమవైపున మూడు రెక్కలు 60, 180, 300 డిగ్రీలలో నిలిచినవి. అందు 180 డిగ్రీలది మాత్రమే కాగితపు తలమున క్రిందివైపు పడును. మేము గీసినది అదియే. యంత్రము ఎన్నుకొన్నది 60 డిగ్రీల రెక్క. అది కాగితమును విడిచి లేచినది గనుక తెరపై కనబడలేదు.

యంత్రమున కీ యెన్నిక యేల? ఋణసంఖ్య దిక్కు 180 డిగ్రీలు. దానిని ఘాతాంకముతో గుణించుటయే దాని నియమము. ఘాతాంకము 1/2 అయిన 90 డిగ్రీలు, రెక్క కాగితముపై నిట్టనిలువుగా నిలుచును. వర్గమూలపు రేఖకు ఎడమసగము కనబడకుండుట ఇందుచేతనే. 1 అయిన 180, రేఖ క్రిందికి దిగును. 2 అయిన 360, మరల పైకి వచ్చును. 3 అయిన 540, మరల క్రిందికి. ఘాతాంకము పెరుగుచుండగా ఎడమరెక్క అక్షము చుట్టు తిరుగుచుండును. సరిఘాతముల రేఖ పైకిని, బేసిఘాతముల రేఖ క్రిందికిని పోవు కారణము మాకు కంటికి కనబడెను.

ఒక హెచ్చరిక. 1/3ను 2/6గా వ్రాసి, −8ని ముందు వర్గము చేసి, వచ్చిన 64కి ఆరవ మూలము తీసినచో 2 వచ్చును, −2 రాదు. ధనసంఖ్యలకు చెప్పిన ఘాతాంకసూత్రములను ఋణసంఖ్యలపై తోచినట్లు ప్రయోగింపరాదు.

విరిగిన యెముకను అతుకు కట్టునకు మన పుత్తూరు పేరుగన్నది. మా తరగతిలో విరిగిన రేఖను మాత్రము అతుకవలసిన పని లేకపోయెను. అది విరుగనే లేదు, వేరొక తలమునకు తిరిగినది. నేడు మేము రేఖ గీసినపుడెల్ల, వాస్తవసంఖ్యలలో గీసితిమో సంకీర్ణసంఖ్యలలో గీసితిమో కాగితపు మూల నొక పంక్తి వ్రాయుచున్నాము. రబ్బరు పెట్టెలోనికి పోయినది.

చదువరులకు ఒక లెక్క: ఘాతాంకము 1/4 అయినచో ఎడమవైపున రెక్కలెన్ని? వానిలో ఒక్కటియైనను కాగితముపై పడునా? 1/5 అయినచో?