తార్నాకలోని కాగితపు అమానతు

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం దాటి తార్నాక చేరితే, తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్ భవనం కనిపిస్తుంది. ప్రభుత్వ కార్యాలయాలలో ఇదీ ఒకటి కాబోలు అనుకుని చాలామంది దాటిపోతారు. అయితే షాజహాన్, ఔరంగజేబు కాలాలనాటి దక్కను పరిపాలనా పత్రాలు లక్షకు పైగా అక్కడే భద్రంగా ఉన్నాయి. ఆసఫ్‌జాహీల దఫ్తర్లు కూడా అక్కడివే. వాటిలో అత్యధిక భాగం ఫార్సీ, ఉర్దూ భాషలలో ఉంది. మన పూర్వీకుల భూములు, జీతాలు, ఇనాములు, ఫిర్యాదులు ఆ కాగితాలలో నిద్రిస్తున్నాయి.

మదర్సా పెద్ద తరగతి విద్యార్థులకు మేము ఆ చోటును గురించి చెప్పేటప్పుడు, ఆ పత్రాలను రాసినవారితోపాటు వాటిని బతికించేవారిని గురించి కూడా చెబుతాము. చెదలు, చెమ్మ, మడతలు కాగితానికి శత్రువులు. పత్రాల సంరక్షకుడు ముందుగా మెత్తని కుంచెతో దుమ్ము దులుపుతాడు. ఆ తరువాత ఒక మూల నీటిచుక్క తాకించి, అద్దుడు కాగితంతో ఒత్తి, సిరా కరుగుతుందేమో పరీక్షిస్తాడు. దీపపు మసి, జిగురు కలిపి చేసిన పాతకాలపు సిరా నీటికి చెదిరిపోగలదు. చినిగిన చోట జపాను దేశపు పలుచని కాగితాన్ని గోధుమ పిండి జిగురుతో అతికిస్తాడు. రేపు మరొకరు విప్పవలసివస్తే ఆ జిగురు తడికి మెత్తబడి, పత్రానికి హాని లేకుండా ఊడివస్తుంది.

పురుగు తొలిచిన రంధ్రాన్ని అతడు కాగితంతో పూడుస్తాడు. ఆ రంధ్రంలో పోయిన అక్షరాన్ని మాత్రం తన ఊహతో రాయడు. ఈ వృత్తికి ప్రాణం ఈ నియమంలోనే ఉంది. యమామా యుద్ధంలో హాఫిజులు అనేకులు షహీదులైన తరువాత, హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆదేశంపై హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) దివ్య ఖుర్ఆన్‌ను ఖర్జూరపు మట్టలపై నుండి, రాతిపలకలపై నుండి, మనుషుల హృదయాల నుండి ఎంత జాగ్రత్తతో సేకరించారో మనకు తెలుసు. ఆ మహత్కార్యంతో దేనికీ పోలిక లేదు. కాని తన చేతికి వచ్చినదానికి ఒక్క అక్షరమైనా కలపరాదన్న భయం అమానతును మోసే ప్రతివారికీ ఉండాలి.

ఛాయాచిత్రాలది మరొక కథ. పాత నలుపు తెలుపు చిత్రంలో ముఖాన్ని నిలిపేది జెలటిన్ పొరలోని సన్నని వెండి రేణువులు. చేతి చెమట, తేమ తగిలితే నల్లని భాగాలపై నీలి మెరుపు పుడుతుంది. తేమకు ఆ పొర మెత్తబడి చట్రపు అద్దానికి అతుక్కుంటుంది. అప్పుడు లాగితే తాతగారి ముఖం అద్దంతోనే ఊడిపోతుంది. అలాంటి దానిని కదపకుండా, తెలిసినవారికి చూపాలి.

మన ఇళ్లలోనూ నికాహ్‌నామాలు, భూమి పత్రాలు, కొన్ని కుటుంబాలలో వక్ఫ్ దస్తావేజులు ఉంటాయి. ప్రేమతోనే మనం వాటికి టేపు అంటిస్తాము, లామినేషన్ చేయిస్తాము. టేపు జిగురు కాగితంలోకి ఇంకి పసుపు మరక మిగులుస్తుంది. లామినేషన్ వేడికి కరిగిన ప్లాస్టిక్‌ను తిరిగి తీయడం బహుకష్టం. పత్రాన్ని మడవకుండా, చెమ్మగోడకు దూరంగా ఉంచి, వాడుకకు నకలు తీసుకోవడం మేలు. మసీదు భూమిపైనో, ఖబరస్తానుపైనో వివాదం వచ్చిననాడు మొదట అడిగేది కాగితాన్నే. అప్పును రాసి ఉంచుకొమ్మని బఖరా సూరాలో ఆదేశించబడిన సముదాయానికి ఈ మాట కొత్త కాదు.

ముక్కలైన ఫార్సీ పత్రంలో ఏ ముక్క ఎక్కడిదో చదవగలిగినవారికే సులువుగా తెలుస్తుంది. షికస్తా వంటి గొలుసుకట్టు రాతను చదవగల చేతులు నేడు తగ్గుతున్నాయి. మన మదర్సాల పిల్లలలో కొందరికి ఆ విద్యలో సగం ఇప్పటికే ఉంది. మిగిలిన సగం రసాయనశాస్త్రం, చేతి ఓర్పు. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ పత్రాల సంరక్షణలో స్వల్పకాలిక శిక్షణ ఇస్తున్నది. సాంస్కృతిక సంపద సంరక్షణకై లక్నోలో జాతీయ పరిశోధనాలయం ఉంది. కుమారునికో, కుమార్తెకో ఏ చదువు చెప్పించాలా అని ఆలోచించే తల్లిదండ్రులు ఈ హలాల్ జీవనోపాధిని కూడా లెక్కలోకి తీసుకోవాలని మా మనవి. తార్నాకలో ఆ పత్రాలు తమను చదవగలవారికోసం ఎదురుచూస్తున్నాయి.